లూయీ: రాజుతో పాటు తల తెగని పేరు

1711 ఏప్రిల్ నుంచి 1712 మార్చి దాకా, అంటే ఏడాది కూడా నిండకుండా, ఫ్రాన్స్ సింహాసనానికి వారసులుగా ఉన్న ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. మొదట 14వ లూయీ కొడుకు, మశూచితో. తర్వాత మనవడు, తట్టుతో. ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే అయిదేళ్ళ మునిమనవడు. ముగ్గురి పేరూ లూయీయే. ఇంట్లో ఇంకో పసివాడు మిగిలాడు. చనిపోయిన పిల్లవాడికి సొంత తమ్ముడు, వయసు రెండేళ్ళు. వాడికీ జబ్బు సోకితే, పెంచే బాధ్యత చూసే మదాం ద వాంతదూర్ వాణ్ణి వైద్యుల చేతికి చిక్కనివ్వలేదు. నెత్తురు తీసి వైద్యం చేసే రోజులవి. ఆ బాబు బతికాడు. వాడి పేరూ లూయీయే. 1715లో ముత్తాత పోయాక 15వ లూయీగా గద్దెనెక్కింది వాడే.

అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరేమిటని మనకు మరీ అంత వింతగా అనిపించకపోవచ్చు. పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య ఉన్న ఇళ్ళు మనకు తెలియనివి కావు. అక్కడ పిల్లల్ని పిలవడానికి బిరుదులుండేవి. పెద్దవాడు బ్రెతాన్య్ డ్యూక్, చిన్నవాడు ఆంజూ డ్యూక్. లూయీ అనేది నోటితో పిలవడానికి పెట్టిన పేరు కాదు, వంశాన్ని చూపించడానికి పెట్టిన పేరు.

పేర్ల పుస్తకాలు ఏ భాషలోవైనా ఈ పేరును ఒక్క ముక్కలో తేల్చేస్తాయి: ‘యుద్ధంలో ప్రసిద్ధికెక్కినవాడు’. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అర్థం చూసి, నచ్చి, కొడుక్కి లూయీ అని పెట్టిన ఫ్రెంచి తల్లిదండ్రులు గత వెయ్యేళ్ళలో ఎంతమంది ఉంటారంటే, వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా దొరకరనిపిస్తుంది. ఈ పేరు పదిహేను వందల ఏళ్ళు నిలబడడానికి కారణాలు వేరే ఉన్నాయి. వాటిలో అర్థం లేదు.

శ్రుతి, లౌడ్‌స్పీకర్, లూయీ

అయినా అర్థాన్ని దాటేసి వెళ్ళబుద్ధి కాదు. ఎందుకంటే అందులో మనకొక చుట్టరికం ఉంది.

లూయీ అసలు ఫ్రెంచి మాట కాదు. ఫ్రాన్స్‌కు ఆ పేరు తెచ్చిన ఫ్రాంకులు జర్మానిక్ తెగవాళ్ళు. వాళ్ళ నోట్లో ఇది దాదాపు ‘హ్లూదవీగ్’. ఇందులో రెండు ముక్కలు. ‘హ్లూద్’ అంటే నలుగురూ విన్నది, పేరు మోగినది. ‘వీగ్’ అంటే పోరు. మొదటి ముక్క ఇంగ్లీషులో ‘లౌడ్’గా మిగిలింది. గుడి మీద లౌడ్‌స్పీకర్ మోగినప్పుడు మనం వింటున్నది ఆ పాత మాటనే.

ఆ ‘హ్లూ’ ఇంకా వెనక్కి వెళితే ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ ఉమ్మడి ధాతువు ఒకటి తగులుతుంది. దానికి వినడం అని అర్థం. సంస్కృతంలో అదే ‘శ్రు’. అక్కడ ‘హ’ ఉన్నచోట ఇక్కడ ‘శ’ ఉండడం ఈ భాషల మధ్య మామూలే. ఇంగ్లీషు హండ్రెడ్‌కు మన శతం ఎలాగో, హ్లూకు శ్రు అలాగ. కాబట్టి శ్రుతి, శ్రోత, శ్రవణం, విశ్రుతుడు, బహుశ్రుతుడు అని తెలుగులో మనం వాడే తత్సమాలన్నీ లూయీకి దూరపు బంధువులు. శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి ఇంకాస్త దగ్గర. ఉపపాండవుల్లో శ్రుతసేనుడు అని ఒకడున్నాడు, సేనతో పేరు మోగినవాడు. లూయీని పదం పదంగా సంస్కృతంలో పెడితే వచ్చేది దాదాపు ఆ పేరే.

‘వీగ్’ అనే రెండో ముక్క వినగానే విజయ గుర్తొచ్చి, అదీ మనదేనని చెయ్యి చాచబుద్ధేస్తుంది. అది కుదరదు. విజయలో ‘వి’ ఉపసర్గ, ధాతువు ‘జి’. వీగ్‌కు చుట్టం లాటిన్‌లో జయించడమనే అర్థమున్న ‘విన్‌కెరె’. చెవికి ఒకేలా తగిలిన మాటలన్నీ ఒకే ఇంటివి కావు.

ఇంకో సంగతి. ఫ్రాంకుల కాలంలో కూడా ఈ రెండు ముక్కల్నీ కలిపి వాక్యంలా అర్థం చెప్పుకునేవారని అనుకోనక్కర్లేదు. జర్మానిక్ తెగల్లో పేరు పెట్టడమంటే తల్లిదండ్రుల వైపు పేర్లలోంచి ఒక్కో ముక్క తీసి అతికించడం. క్లోవిస్ అనే ఫ్రాంకుల రాజు అసలు పేరు హ్లూదవీగే. ఆయన కొడుకుల్లో ఒకడి పేరు క్లోదొమీర్, ఇంకొకడి పేరు క్లోతార్. మొదటి ముక్క అదే, రెండోది మారింది. పిల్ల ఎవరి రక్తమో ఆ ముక్కను బట్టి తెలిసిపోయేది. ఇప్పుడు మన దగ్గర అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో ఒక అక్షరం కలిపి కొత్త పేరు కడుతున్నారు కదా. వాటికి అర్థం అడిగితే ఇంటివాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో, క్లోవిస్‌ను అడిగితే ఆయనా అంతే ఇబ్బంది పడేవాడేమో.

పేరు కాదు, పట్టా

క్లోవిస్ అన్నా లూయీ అన్నా ఒకటే పేరు. ఈ సంగతి ఫ్రాన్స్‌లోనే చాలామంది ఎప్పుడూ ఆలోచించి ఉండరు. లాటిన్ రాతల్లో ‘క్లోదొవేకుస్’ అని మొదట్లో ఒక గట్టి ఖకారం లాంటి ధ్వనితో కనిపించిన పేరు పుస్తకాల దారిన వచ్చి క్లోవిస్ అయింది. జనం నోట్లో పడ్డది మాత్రం ముందున్న ఆ ధ్వనిని వదిలేసి, మధ్యలో హల్లులు అరిగిపోయి, పాత ఫ్రెంచిలో ‘లో ఓ ఈస్’ అని మూడు అక్షరాల పేరైంది. ఈనాటి ఫ్రెంచివాళ్ళ నోట్లో అది ఒక్క అక్షరం, ‘ల్వీ’. చివరి ఎస్ రాతలోనే ఉంది, పలకదు. పదిహేను శతాబ్దాలు నీళ్ళలో దొర్లిన గులకరాయి అంత నున్నగా అరిగింది.

ఆ అరుగుదల మధ్యలో ఒక చోట ఈ పేరు మనకు తేదీతో సహా దొరుకుతుంది. 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో, ఫ్రాంకుల చక్రవర్తి చార్లమేన్ మనవలిద్దరు మూడో సోదరుడికి వ్యతిరేకంగా ఒట్టు పెట్టుకున్నారు. ఒకడు చార్లెస్, ఇంకొకడు లూయీ. ఒక్కొక్కరూ ఎదుటివాడి సైన్యానికి అర్థమయ్యే భాషలో ఒట్టేశారు. ఆ ఒట్టును రాసిపెట్టిన పత్రమే ఫ్రెంచి భాషకు దొరికిన మొట్టమొదటి రాత. అందులో ‘లొధువిగ్స్’ అని ఉంది. అంటే ఫ్రెంచి భాష పుట్టిన తేదీ చెప్పే పత్రంలోనే ఈ పేరు కూడా ఉంది.

ఈ మనవలకంటే ఒక తరం వెనక్కి వెళితే అసలు కీలకం తగులుతుంది. చార్లమేన్ వంశం సింహాసనాన్ని వారసత్వంగా పొందలేదు. 751లో ఆయన తండ్రి, క్లోవిస్ వంశపు చివరి రాజును దించి మఠానికి పంపి తాను రాజయ్యాడు. ఆ వంశంలో అప్పటిదాకా లూయీలు లేరు. చార్లెస్, పెపిన్, కార్లోమన్ లాంటి పేర్లే ఉండేవి. 778లో చార్లమేన్‌కు కవలలు పుట్టారు. ఇద్దరికీ దించేసిన వంశపు పేర్లు పెట్టాడు. ఒకడు లోతార్, అంటే క్లోతార్. వాడు పసితనంలోనే పోయాడు. రెండోవాడు లూయీ, అంటే క్లోవిస్. పొలం లాక్కున్నవాడు పాత యజమాని పేరుతో పట్టా రాయించుకోవడం లాంటిదిది. ఆ రెండోవాడే 814లో చక్రవర్తి అయిన భక్త లూయీ. లెక్కల్లో 1వ లూయీ.

ఇదే ఎత్తుగడ మూడు శతాబ్దాల తర్వాత మళ్ళీ పనికొచ్చింది. 987లో 5వ లూయీ వారసుడు లేకుండా పోతే, చార్లమేన్ వంశాన్ని పక్కకు నెట్టి కాపే వంశపు హ్యూగ్ రాజయ్యాడు. ఆ ఇంట్లో పేర్లు హ్యూగ్, రొబేర్, ఆఁరీ. నాలుగో తరంలో ఫిలిప్ అనే రాజు తన కొడుక్కి లూయీ అని పెట్టాడు. 1108లో ఆ కుర్రాడు 6వ లూయీ అయ్యాడు. ఒకటి నుంచి కాదు, ఆరు నుంచి మొదలుపెట్టడంలోనే ఉంది విషయమంతా. మేం కొత్తవాళ్ళం కాదు, అదే వరసలో ఉన్నాం అని చెప్పడం. అక్కడి నుంచి 1610 తర్వాత 13, 14, 15, 16 అని నలుగురు లూయీలు వరసగా 182 ఏళ్ళు ఏలారు. మధ్యలో ఇంకో పేరు లేదు.

వీళ్ళందరిలో ఈ పేరును రాజమహలు దాటించి ఊళ్ళల్లోకి తెచ్చినవాడు 9వ లూయీ. క్రూసేడు అనే మతయుద్ధానికి వెళ్ళి 1270లో ట్యూనిస్ దగ్గర జబ్బుచేసి పోయాడు. 1297లో చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. ఆయన పండుగ ఆగస్టు 25. కాథలిక్కులకు పునీతుడి పేరంటే పిల్లవాడికి పైలోకంలో ఒక దిక్కు ఉన్నట్టు. క్యాలెండర్‌లో ఆ పేరుకో రోజు, ఆ రోజున చిన్న పండుగ. రాజు పేరు పెట్టుకున్నామనే గొప్పా దక్కింది, పునీతుడి పేరు పెట్టుకున్నామనే పుణ్యమూ దక్కింది. 16వ శతాబ్దంలో ఇటలీలో పుట్టిన ఇంకో యువకుడు, లుయీజీ గొంజాగా, కూడా పునీతుడు కావడంతో ఈ పేరుకు రెండో పండుగ జూన్ 21న వచ్చింది. లాటిన్‌లో ఆయన అలోయ్‌సియస్. విశాఖపట్నంలో 19వ శతాబ్దం మధ్యలో కాథలిక్ మిషనరీలు పెట్టిన సెయింట్ అలోయ్‌సియస్ స్కూలు ఆయన పేరుదే. ఆ బడిలో చదువుకున్న తెలుగు పిల్లలు తమ బ్యాడ్జీ మీద ఒక లూయీని మోశారన్నమాట.

ఇక ఊళ్ళల్లో పద్ధతి సులువు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పిల్లవాడికి జ్ఞానతండ్రిగా ఎవరు నిలబడితే చాలాసార్లు ఆయన పేరే పిల్లవాడికి వచ్చేది. జ్ఞానతండ్రి లూయీ అయితే పిల్లవాడూ లూయీ. ఆ పిల్లవాడు పెద్దవాడై ఇంకొకడికి జ్ఞానతండ్రి అయితే వాడూ లూయీ. ఎవరూ ఎంచుకోకుండానే పేరు పాకిపోయింది. మన తాత పేర్ల ఆనవాయితీకి ఇది అన్నలాంటిది.

రాజుకు ఇంటిపేరు తగిలించారు

ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా 1792 ఆగస్టులో 16వ లూయీని దించేశారు. డిసెంబరులో విచారణకు పిలిచినప్పుడు ఆయన్ను ‘లూయీ కాపే’ అన్నారు. పౌరుడన్నాక ఇంటిపేరు ఉండాలి కదా, రాజులకు అది ఉండదు. ఎనిమిది శతాబ్దాల కిందటి పూర్వీకుడి బిరుదును తీసి ఆయనకు ఇంటిపేరుగా అంటించారు. అది తన పేరు కాదని, తన పూర్వీకుల్లో ఒకరిని అలా పిలిచేవారని ఆయన అభ్యంతరం చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చిన వేళ పేరు గురించి వాదించడం చాదస్తంలా కనిపించవచ్చు గానీ, పేరే పట్టా అయిన ఇంట్లో పుట్టినవాడికి అది చాదస్తం కాదు.

1793 జనవరి 21న ఆయన తల తీసిన యంత్రానికి కూడా ఒక లూయీ కథ ఉంది. ఆ యంత్రాన్ని రూపొందించిన శస్త్రవైద్యుడి ఇంటిపేరు లూయీ, ఆంత్వాన్ లూయీ. అందుకని మొదట్లో జనం దాన్ని ‘లూయిజెత్’ అని, ‘లూయిజోన్’ అని ముద్దుపేర్లతో పిలిచారు. తర్వాత, ఆ ఆలోచన సభలో పెట్టిన డాక్టర్ గిలొటాఁ పేరు దానికి అతుక్కుంది. పాత పేరే నిలిచి ఉంటే లూయీ తల లూయిజెత్ కింద తెగిందని చరిత్ర పుస్తకాల్లో చదువుకునేవాళ్ళం.

ఆ రెండు మూడేళ్ళు రాజు వాసన ఉన్న ప్రతి పేరూ ప్రమాదమే. పారిస్ నడిబొడ్డున 15వ లూయీ చౌక్ విప్లవ చౌక్ అయింది. రాజుకు బంధువైన ఓర్లేఆఁ డ్యూక్ లూయీ ఫిలిప్ తన పేరులో లూయీని తీసేసి ఫిలిప్ ‘ఎగాలితే’, అంటే సమత, అని మార్చుకున్నాడు. రాజుకు మరణశిక్ష వేయాలని ఓటు కూడా వేశాడు. పేరు మార్చుకున్నా తల దక్కలేదు, అదే ఏడాది నవంబరులో ఆయన్నూ గిలొటిన్ ఎక్కించారు. పిల్లలకు బ్రూటస్ లాంటి రోమన్ పేర్లు పెట్టడం ఫ్యాషనైంది. క్యాలెండర్ నుంచి పునీతుల్ని తీసేసి కూరగాయలకు, పనిముట్లకు రోజులు కేటాయించారు.

ఆ ఉత్సాహం ఎంతోకాలం నిలవలేదు. 1803లో నెపోలియన్ హయాంలో చేసిన చట్టం, పిల్లలకు పెట్టదగిన పేర్లు రెండు రకాలేనని తేల్చింది. వాడుకలో ఉన్న క్యాలెండర్లలో ఉన్నవి, ప్రాచీన చరిత్రలో పేరున్నవాళ్ళవి. విప్లవ కాలపు వింత పేర్లకు ముకుతాడు వేయడం దాని ఉద్దేశం. ఆగస్టు 25 పుణ్యమా అని లూయీకి ఆ జాబితాలో చోటు ఖాయమైంది. రాజును చంపిన దేశమే ఆయన పేరును చట్టంతో కాపాడిందంటే తప్పులేదు.

రాజకీయంగా మాత్రం ఆ పేరు కుదురుకోలేదు. ఆ తడబాటంతా అంకెల్లో కనిపిస్తుంది. 1814లో తిరిగొచ్చిన రాజు 18వ లూయీ అనిపించుకున్నాడు. అంటే ఒక్కరోజూ ఏలకుండా 1795లో జైల్లో చనిపోయిన పదేళ్ళ పిల్లవాణ్ణి 17వ లూయీగా లెక్కవేశాడు. అంతటితో ఆగక తన రాజపత్రం మీద ‘మా పాలన పంతొమ్మిదో ఏడు’ అని రాయించాడు. మధ్యలో విప్లవం, నెపోలియన్ జరగనట్టే. 1830లో గద్దెనెక్కిన లూయీ ఫిలిప్, ఆ ఎగాలితే కొడుకే, ఆ వరసలో అంకె తగిలించుకోకుండా రెండు పేర్లూ కలిపి కొత్త రాజు పేరు చేసుకున్నాడు. పంతొమ్మిదో అంకెతో గద్దె మీద కుదురుకున్న రాజు లేడు. 1852లో చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ బోనపార్త్ ఇంకా తెలివైనవాడు. లూయీని తీసి పక్కనపెట్టి 3వ నెపోలియన్ అయ్యాడు.

సింహాసనం మీద ఇంత గజిబిజి నడుస్తుంటే కింద ఏం జరిగిందో చూడండి. రాజు తల తెగిన పదహారేళ్ళకు, 1809లో, పారిస్ పక్క కూవ్రే అనే ఊళ్ళో గుర్రపు జీనులు కుట్టేవాడి ఇంట్లో ఒక లూయీ పుట్టాడు. మూడేళ్ళప్పుడు నాన్న పనిముట్టు కంట్లో గుచ్చుకుని చూపు పోయింది. ఆ పిల్లవాడే లూయీ బ్రెయిల్. 1821లో జురా కొండల్లో ఒక పల్లెటూరి ఇంట్లో లూయీ విట్టన్ పుట్టాడు, పెట్టెలు చేసే పనిలో చేరాడు. 1822లో దోల్ ఊళ్ళో తోళ్ళు ఊనే ఇంట్లో లూయీ పాశ్చర్ పుట్టాడు. పాశ్చర్ తండ్రి నెపోలియన్ సైన్యంలో పోరాడి పతకం తెచ్చుకున్న సార్జెంటు. రాజులంటే ఆయనకు ప్రేమ ఉండే అవకాశం లేదు. అయినా కొడుకు లూయీయే. జీనులు కుట్టేవాడు, తోళ్ళు ఊనేవాడు ఆ పేరు పెట్టినప్పుడు వాళ్ళ బుర్రలో వెర్సాయ్ రాజమహలు లేదు. మేనమామో, తాతో, జ్ఞానతండ్రో ఉండి ఉంటాడు. అప్పటికే పేరు రాజుల చేతిలోంచి జారిపోయింది. అందుకే రాజుతో పాటు పోలేదు.

ముత్తాత పేరుకు మోజెక్కువ

ఫ్రాన్స్ జాతీయ గణాంక సంస్థ ఇన్సే 1900 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కను అందరికీ అందుబాటులో ఉంచింది. దాన్లో లూయీ గీత ఒక పెద్ద లోయ ఆకారంలో ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో మగపిల్లల పేర్లలో జాఁ మొదటిదైతే, లూయీ దాని వెనకే ముందువరసలో ఉండేది. తర్వాత దశాబ్దాల్లో మెల్లగా జారింది. రెండో ప్రపంచయుద్ధం చుట్టుపక్కల ఏళ్ళలో లూయీ ఒంటరిగా తగ్గిపోయి జాఁ లూయీ అని జంటపేరులో తలదాచుకుంది. 1960లు, 70లు వచ్చేసరికి అది తాతల పేరు. చేతికర్ర, టోపీ, పెరట్లో కూరగాయల మడి గుర్తొచ్చే పేరు. మళ్ళీ 1980ల చివర్నుంచి లేచి, 2000 తర్వాత మొదటి పదిలోకి వచ్చేసింది. ఇప్పుడు గబ్రియేల్, రఫాయెల్, లేఓ సరసన పైవరసలోనే ఉంది. ఆడపిల్లల్లో లూయీజ్ కూడా ఇదే దారిలో వచ్చి గత దశాబ్దంలో దేశంలో మొదటి వరసకు చేరింది.

లోయకు కారణం తేలికే. తండ్రి పేరు పిల్లవాడికి పెడితే పాతదిగా అనిపిస్తుంది, తాత పేరు ముసలిదిగా అనిపిస్తుంది. ముత్తాత దగ్గరికొచ్చేసరికి ఆయన్ను చూసినవాళ్ళే ఇంట్లో తక్కువ. పేరుకు ముడతలు పోయి ఫోటోలోని మీసకట్టు మాత్రం మిగులుతుంది. అందుకే జూల్, ఆర్త్యూర్, లేఓఁ, జాన్, రోజ్ అన్నీ ఒకే గుంపుగా తిరిగొచ్చాయి. నిజానికి లూయీకి వాటికంటే ఒక సౌకర్యం ఎక్కువ. పైతరగతి కుటుంబాలు, పాత కాథలిక్ ఇళ్ళు దాన్ని ఎప్పుడూ పూర్తిగా వదిలెయ్యలేదు. అటకెక్కిన సామాను దింపాలంటే దుమ్ము దులపాలి, వాళ్ళింట్లో ఈ పేరు ఎప్పుడూ కింది అరలోనే ఉంది.

అదే సమయంలో ఇంకో పేరు పైకి లేచిందనేది మర్చిపోకూడదు. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌లో మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు కెవిన్. అమెరికా సినిమాలు, టీవీ సీరియళ్ళ గాలి అది. 1993 జనవరిలో పాత 1803 చట్టం పోయి, తల్లిదండ్రులు ఏ పేరైనా పెట్టుకోవచ్చని కొత్త చట్టం వచ్చింది. పిల్లవాడికి నష్టమనిపిస్తే మాత్రం నమోదు అధికారి ప్రాసిక్యూటర్‌కు తెలియజేయవచ్చు. ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక జంట కూతురికి న్యుతెల్లా అని, రొట్టె మీద రాసుకునే ఆ చాక్లెట్ ముద్ద పేరు పెట్టబోతే జడ్జి ఒప్పుకోక ఎల్లా అని మార్పించారు. కెవిన్ జోరు 1993కు ముందే మొదలైంది కాబట్టి పుణ్యమంతా చట్టానిదే అనలేం. చట్టమే ఫ్యాషన్ వెనక పరిగెత్తుకొచ్చింది.

కెవిన్ పెట్టింది ఎక్కువగా కూలిపనివాళ్ళ, చిన్న ఉద్యోగుల ఇళ్ళల్లో. లూయీని వెనక్కి పిలిచింది చదువుకున్న, ఆస్తులున్న ఇళ్ళల్లో. తర్వాత కెవిన్ పేరు మీద జోకులు పుట్టాయి. ఆ పేరుతో ఉద్యోగానికి దరఖాస్తు చేయడమే టెన్షన్ అన్నంతగా వెక్కిరింపు పెరిగింది. లూయీ మీద జోకు లేదు. పేరుకు స్వతహాగా గౌరవం ఉండదు, ఎవరింట్లో ఎక్కువ వాడితే వాళ్ళ గౌరవం దానికి అంటుతుంది. అర్థం చూస్తే కెవిన్ ఐర్లాండు పునీతుడి పేరు, అందంగా పుట్టినవాడని మంచి అర్థమే. లూయీ అంటే కొట్లాటలో పేరుపడ్డవాడు. అర్థానికే విలువ ఉంటే వెక్కిరింపు తిరగబడాల్సింది.

‘పాపులర్’ అనే మాట దగ్గర ఒక్క జాగ్రత్త అవసరం. వందేళ్ళ కిందట కొద్దిపాటి పేర్లే తరగతి గదిలో చాలా బెంచీల్ని నింపేవి. ఇప్పుడు జాబితాలో మొదటి పేరు కూడా ఏటా పుట్టే మగపిల్లల్లో నూటికి ఇద్దరికి పెట్టరు. కాబట్టి లూయీ మళ్ళీ పైకి వచ్చిందంటే బడిలో అందరూ లూయీలేనని కాదు, ముత్తాత కాలమంత సందడి దానికి ఇప్పుడు లేదు.

ఎస్ పలికే చోటు, పలకని చోటు

ఈ పేరు సరిహద్దు దాటిన ప్రతిచోటా వేషం మార్చింది. జర్మన్‌లో లుద్విగ్, ఇటాలియన్‌లో లుయీజీ, స్పానిష్‌లో లుయిస్, హంగేరియన్‌లో లయోష్, పోలిష్‌లో లుద్విక్. లుద్విగ్ బీథోవెన్ ఫ్రెంచిలో రాసేటప్పుడు తన పేరును లూయీ అనే రాసుకునేవాడు. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ అసలు పేరు లూయీ. ఆయన తండ్రి జర్మన్ రాజకుటుంబంలో లుద్విగ్‌గా పుట్టి ఇంగ్లండుకు వచ్చి లూయీ అయ్యాడు. 2018లో బ్రిటన్ యువరాజు విలియం మూడో బిడ్డకు లూయీ అని పెట్టినప్పుడు పత్రికలన్నీ మౌంట్‌బాటెన్‌నే తలుచుకున్నాయి. వాళ్ళు ఎస్ పలకరు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం 9వ లూయీ పేరుదే అయినా అక్కడివాళ్ళు ఎస్ గట్టిగా పలుకుతారు. 14వ లూయీ పేరిట 1682లో లూయీజియానా పుట్టింది, 16వ లూయీ పేరిట లూయీవిల్ పుట్టింది.

తెలుగువాళ్ళ చరిత్రలోకి ఈ పేరు రెండు ఓడల్లో వచ్చింది. ఒకటి ఫ్రెంచి కంపెనీది. 1757లో బుస్సీ సైన్యం బొబ్బిలి కోటను చుట్టుముట్టినప్పుడు ఫ్రాన్స్ గద్దె మీద ఉన్నది, మొదట్లో చెప్పుకున్న ఆ బతికిపోయిన పసివాడు, 15వ లూయీ. యానాం మీద 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరింది. రెండో ఓడ ఇటు నుంచి అటు వెళ్ళింది. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటల్లో పనికి వెళ్ళిన మనవాళ్ళు దిగిన ఊరు పోర్ట్ లూయీ, అదీ 15వ లూయీ పేరే. అక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. వాళ్ళు వదిలొచ్చిన రేవు పేరు వాళ్ళకు అంటుకుంది, దిగిన రేవుకు ఎప్పుడో పోయిన రాజు పేరు అంటుకుని ఉంది.

తెలుగు రాతలో మాత్రం మనం ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు. రాజులైతే లూయీ. జాజ్ వాయించే ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే లూయిస్. బ్రెయిల్ ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంటాడు. 2009లో ఆయన పుట్టి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా మన ప్రభుత్వం తెచ్చిన 2 రూపాయల నాణెం చాలామంది జేబుల్లో తిరిగింది, దాని మీది పేరును ఎలా పలకాలని ఎవరూ అడగలేదు. పైగా ఇంగ్లీషువాళ్ళ లూయిస్ కూడా మన లిపిలో అచ్చం ఇలాగే ఉంటుంది. అది నార్మన్లు ఫ్రాన్స్ నుంచి తీసుకెళ్ళిన లూయీకే ఇంగ్లీషు రూపం. వేల్స్‌లో ఒక్కోసారి లెవెలిన్ అనే స్థానిక పేరుకు బదులుగానూ వాడారు, అది వేరే సంగతి. కార్ల రేసుల లూయిస్ హామిల్టన్‌దీ ఆ పేరే. వాన పడి వన్డే మ్యాచ్ ఆగినప్పుడు టీవీ ముందు కూర్చున్నవాళ్ళు విసుక్కునే డక్‌వర్త్ లూయిస్ స్టెర్న్ లెక్కలో రెండో పేరూ అదే. హ్లూదవీగ్ మన ఇళ్ళల్లో ఎక్కువగా వినబడేది అప్పుడే, ఆకాశం మబ్బు పట్టి, టార్గెట్ ఎంతకు మారుతుందోనని అందరూ లెక్కలు వేస్తున్నప్పుడు.